పడవ ఎవరి పేరున వుంది?

(చింతలపూడిలో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశంలో స్త్రీల శ్రమ, ఆస్తిహక్కు గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. సమావేశం చింతలపూడిలో అనగానే నాకు ఈ ఊరి చివర, ఏలూరు వెళ్ళే రోడ్డు పక్కన ఒక రాత్రి పడవలో పడుకున్న సంగతి గుర్తొచ్చింది. మీలో కొందరు నవ్వుతున్నారు. చింతలపూడి మెట్ట ప్రాంతం. పామాయిల్ తోటలు, మామిడి తోటలు, మొక్కజొన్న చేలు వున్న చోట పడవేమిటి అనుకుంటున్నారు. ఆ రాత్రి చూడడానికొచ్చిన మీ ఊరివాళ్ళూ అదే అడిగారు. "ఏమ్మా, అంత వరదొస్తుందని ఎవరన్నా చెప్పారా?" అని ఒక పెద్దాయన హాస్యమాడాడు. పడవలో కూర్చున్నామె కూడా నవ్వింది. అప్పటికి ఆమె భర్త చనిపోయి నెల కాలేదు.

ఆమె పేరు చెప్పను. చెప్పొద్దని ఆమే అడిగింది. ఆమెది కొల్లేటి లంక గ్రామాల్లో ఒకటి. 2023లో, ఎండలు ముదరకముందు, నాగార్జునసాగర్ నుంచి కొల్లేటి దాకా తన పడవను ట్రాక్టరు వెనక ట్రైలరు మీద కట్టించుకుని వచ్చింది. దారి పొడుగునా ఆ పడవలోనే వండుకుంది, పడుకుంది. తోడు పదమూడేళ్ళ కూతురు, ట్రాక్టరు నడిపే తమ్ముడు. మిర్యాలగూడ, సూర్యాపేట, పాలేరు, ఖమ్మం, వైరా, తల్లాడ, సత్తుపల్లి, చింతలపూడి, ఏలూరు. ఐదు రాత్రులు. చివరి రెండు రాత్రులు నేను వాళ్ళతో వున్నాను. ఈ ప్రయాణాన్ని ఆధారం చేసుకుని కొన్ని ప్రశ్నలు మీ ముందు పెట్టాలనుకుంటున్నాను.

అమెరికాలో స్థిరపడిన మా బంధువొకాయన ఇలాంటి ప్రయాణమే చేశాడు. కారు వెనక చిన్న తెరచాప పడవను తగిలించుకుని రెండు వారాలు తిరిగాడు. నీళ్ళున్న చోట పడవ దింపడం, లేని చోట విడిది స్థలంలో ఆపుకుని అందులోనే పడుకోవడం. అక్కడ అది మధ్యతరగతి సరదా. అటువంటి విడిది స్థలాల్లో నీళ్ళు, కరెంటు, స్నానాల గదులు వుంటాయి. పడవకు, ట్రైలరుకు నంబర్లు వుంటాయి. అతను తిరిగివెళ్ళడానికి ఇల్లుంది. ఆ ఫొటోలు చూసి మా ఇంట్లో అందరం ముచ్చటపడ్డాం. ఆమె ప్రయాణంలోనూ అవే వస్తువులు: ఒక బండి, ఒక పడవ, ఒక పరదా. కానీ ఆమెను దారిలో ఎవరూ యాత్రికురాలు అనలేదు. "ఎక్కడ్నుంచి ఎత్తుకొస్తున్నారు?" అని అడిగారు.

కొల్లేటి పడవ సాగర్ దాకా ఎందుకు వెళ్ళిందో ముందు చెప్పుకోవాలి. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో వున్న మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే నీళ్ళు అందులో చేరి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతాయి. మీ ఊరి దగ్గర నాగిరెడ్డిగూడెంలో జలాశయం కట్టింది ఆ తమ్మిలేటి మీదే. అంటే చింతలపూడి మీద పడిన వాన ఏలూరు పక్కగా వెళ్ళి కొల్లేటిలో కలుస్తుంది. నీళ్ళు కిందికి పోయే దారికి ఎదురుగా బతుకుతెరువు కోసం మనుషులు పైకి వస్తున్నారు.

1970ల మధ్యలో, జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా వుండగా, కొల్లేటి పేదలకు సహకార సంఘాల పేరిట చేపల చెరువులు తవ్వించారు. కాగితం మీద సంఘాలు పేదలవి. కాలక్రమంలో పెట్టుబడి బయటివాళ్ళది అయింది, చెరువులు లీజుల్లోకి పోయాయి, సంఘ సభ్యులు తమ చెరువుల్లోనే కూలీలయ్యారు. 1999లో ప్లస్ 5 కాంటూరు దాకా, సుమారు 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్సర్ ఒప్పందం కింద కొల్లేటికి అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. 2006లో "ఆపరేషన్ కొల్లేరు" పేరుతో అభయారణ్యం లోపలి చెరువుల గట్లు పేల్చేశారు. 2008లో శాసనసభ కాంటూరును ప్లస్ 3కి తగ్గించాలని తీర్మానం చేసింది. సరస్సును కాపాడాలా వద్దా అన్న ప్రశ్న ఇక్కడ తేల్చబోను. కాపాడాలనే నా అభిప్రాయం. పక్షులకు, నీటికి చోటు లేకుండా చేస్తే 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు చూసినట్టు మనుషులకీ చోటుండదు. నేనడిగేది వేరే. గట్లు కొట్టేసినప్పుడు నష్టం లెక్కలు చెరువుల విస్తీర్ణంలో వేశారు. ఆ చెరువుల దగ్గర వల లాగిన, మేత మోసిన, చేపలు ఏరి మంచుపెట్టెల్లో సర్దిన స్త్రీల పనిదినాల లెక్క ఎక్కడైనా వుందా? నా వెతుకులాటలో అటువంటి రికార్డు ఒక్కటీ దొరకలేదు.

పని పోయినవాళ్ళలో కొందరు హైదరాబాదు వెళ్ళారు, కొందరు నిర్మాణం పనుల్లో చేరారు. వేట మాత్రమే తెలిసిన కొన్ని కుటుంబాలు జలాశయాల దారి పట్టాయి. సాగర్, శ్రీశైలం జలాశయాలకు కోస్తా నుంచి మత్స్యకారులు వలస వెళ్ళడం అంతకుముందు నుంచీ వున్నదే. ఒడ్డున పాకలు వేసుకుని ఏళ్ళ తరబడి వుంటున్నవాళ్ళున్నారు. ఈమె కుటుంబం కూడా అలాగే వెళ్ళింది. పద్దెనిమిది అడుగుల ఇనుప రేకు పడవ, సావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకుని చేయించుకున్నది. అడ్వాన్సు ఇచ్చినవాడికే చేపలు పొయ్యాలి, అతను కట్టిన ధరకే పొయ్యాలి. పడవ పాతబడింది, బాకీ మాత్రం తీరలేదు.

ఒక రాత్రి వల ఎత్తుతుండగా గాలి లేచింది. భర్త నీళ్ళలో పడిపోయాడు. ఆమె పడవలోనే వుంది, తెడ్డు ఆమె చేతిలోనే వుంది. తెల్లారేదాకా అదే చోట తిరిగింది. ఈ విషయం ఆమె నాకు చాలా తక్కువ మాటల్లో చెప్పింది. నేనూ ఇంతకంటే చెప్పను.

దినం అయ్యాక మరుదులు ఇద్దరు వచ్చారు. పడవను అక్కడే అమ్మేసి, బాకీకి జమ కట్టి, మిగిలిందేదైనా వుంటే తల్లి దగ్గర పెడదామన్నారు. "నువ్వు పిల్లను తీసుకుని మీ పుట్టింటికెళ్ళు, ఆడదానివి పడవతో ఏం చేస్తావు?" అన్నారట. ఆమె నాతో అన్న మాట ఇది: "అక్కా, పదిహేనేళ్ళు తెడ్డు వేసింది నేను. ఆయన ముందు కూర్చుని వల వేసేవాడు. పడవ ఎటు పోవాలో చూసింది నేను. ఇప్పుడు పడవతో ఏం చేస్తావని నన్నడిగారు."

రాత్రికి రాత్రి తమ్ముడికి కబురు పెట్టింది. అతను కౌలు పొలం పనులకు తెచ్చుకున్న ట్రాక్టరుతో వచ్చాడు. ఇలా ఆ పడవ రోడ్డెక్కింది.

నేరుగా విజయవాడ మీదుగా పెద్దరోడ్డున వస్తే తొందరగా చేరేవాళ్ళు. చుట్టుతిరిగి ఖమ్మం వైపునుంచి ఎందుకొచ్చారంటే, దారిలో నీళ్ళున్న చోటల్లా ఆగి, "ఇక్కడ పడవ దింపుకోనిస్తారా?" అని అడగాలని ఆమె ఆలోచన. లంకకు తిరిగి వెళ్తే పడవ దక్కదేమోనని భయం. మూడుచోట్ల అడిగింది. ఎక్కడా కుదరలేదు. స్థానిక సంఘం సభ్యులకే వేట హక్కు అన్నారు. ఆ మాట అన్నవాళ్ళూ పేదవాళ్ళే. వాళ్ళ నీళ్ళు, వాళ్ళ పొట్ట. వాళ్ళను నేను తప్పుపట్టను. కానీ ఒకచోట సంఘం పెద్ద మరొక మాట కూడా అన్నాడు. "మగాడెవరన్నా వుంటే మాట్లాడొచ్చు. ఆడమనిషికి సభ్యత్వం ఏమిటమ్మా?" పక్కనే నిలబడి వున్న ఆ సంఘం ఆడవాళ్ళు తలలు దించుకున్నారట. వాళ్ళకూ సభ్యత్వం లేదు మరి.

2014 జూన్ 2 తర్వాత ఈ దారిలో ఒక రాష్ట్ర సరిహద్దు వచ్చింది. సత్తుపల్లి అటు, చింతలపూడి ఇటు. మీకు అది పెళ్ళిళ్ళకీ, సంతలకీ అడ్డురాదు. ఆమెకు అడ్డొచ్చింది. మరణం అటువైపు జరిగింది, గుర్తింపు కాగితాలు ఇటువైపు వున్నాయి. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన 2020లో మొదలైంది. దాని కింద నమోదైన మత్స్యకారుడు ప్రమాదంలో చనిపోతే 5 లక్షల రూపాయల బీమా వుంది. ఆమె ఒక కార్యాలయానికి వెళ్తే ఇంకో కార్యాలయానికి వెళ్ళమన్నారు. అక్కడికి వెళ్తే మొదటి చోట రాయించుకు రమ్మన్నారు. ఈ రెండింటి మధ్య మూడు వందల కిలోమీటర్లు.

ఇక ఆ పడవలో రాత్రి గురించి. ఇలాంటి వివరాలు మన పరిశోధనా పత్రాల్లో చేరవు, అందుకే చెప్తున్నాను. పడవ అడుగున వలలు పరిచి, వాటి మీద గోనెసంచులు, వాటి మీద బొంత. పైన నీలం పరదా, నాలుగు వెదురు బద్దల మీద వంచి కట్టింది. ఒక చివర బియ్యం డబ్బా, చిన్న గ్యాసు పొయ్యి, రెండు బిందెలు. ఇంకో చివర కూతురి పుస్తకాల సంచి. ట్రైలరు కాస్త వాలుగా నిలబడితే రాత్రంతా మనిషి కాళ్ళ వైపు జారుతుంటుంది. ఇనుప రేకు సాయంత్రం దాకా కాలుతుంది, తెల్లవారుజామున ఐసులా చల్లబడుతుంది. తమ్ముడు ట్రాక్టరు కింద పడుకున్నాడు. తల్లి కత్తిపీట తలదగ్గర పెట్టుకుంది. పిల్లకు ఆ రోజుల్లోనే నెలసరి. పగలంతా మూత్రానికి వెళ్ళకుండా వుండడానికి ఇద్దరూ నీళ్ళు తాగడం మానేశారు. చీకటి పడ్డాక ఒకరికొకరు కాపలా. ఇక్కడ మీ ఊరి చివర టీకొట్టు నడిపే ఒక అమ్మ తన ఇంటి వెనక స్నానాల గది చూపించి, "ఈ పిల్లను ఎంతదూరం ఇట్టా తిప్పుతావు, నీళ్ళు పోసుకోనీ" అంది. ఐదు రాత్రుల్లో అదొక్కటే స్నానం. ఆ అమ్మ ఈ సమావేశంలో వుందో లేదో తెలియదు. వుంటే ఆమెకు నా నమస్కారం.

ఆ రాత్రి నిద్రపట్టక నా పాత సర్వే ఫారాలు గుర్తుచేసుకున్నాను. 2006 తర్వాత లంక గ్రామాల్లో నేను చేసిన సర్వేలో ఈ కుటుంబం కూడా వుంది. ఇంటికి వచ్చాక పెట్టె తెరిచి ఆ ఫారం తీశాను. నా చేతిరాతలోనే వుంది. కుటుంబ పెద్ద: భర్త. వృత్తి: చేపలవేట. భార్య వృత్తి: గృహిణి, భర్తకు సహాయం. స్త్రీల అదృశ్య శ్రమ మీద డాక్టరేటు తీసుకున్నదాన్ని నేను. ప్రభుత్వం స్త్రీల పనిని లెక్కలోకి తీసుకోవడం లేదని ఎన్నో సభల్లో చెప్పినదాన్ని. ఫారంలో గడి ఆ విధంగా వుంది కాబట్టి ఆ విధంగా నింపాను. ఆమెను ఒక్క ప్రశ్న అడిగి వుంటే, "తెడ్డు ఎవరు వేస్తారు?" అని అడిగి వుంటే, సమాధానం మారిపోయేది. పడవలో ఇద్దరు వుంటే వల వేసేవాణ్ణి మత్స్యకారుడని, పడవను నిలబెట్టేదాన్ని సహాయకురాలని అనడం మనకు ఎంత సహజంగా అలవాటైందో నాకు నా ఫారమే చూపించింది.

ఆమె దగ్గరున్న వేట లైసెన్సు కాగితం మీద భర్త పేరొక్కటే వుంది. అతను పోగానే ఆ కాగితం చెల్లదు. ఒక పనిని ఇద్దరు కలిసి పదిహేనేళ్ళు చేస్తే, ఒకరి మరణంతో రెండోవారి వృత్తి కూడా రద్దయిపోతుందా? భూమి విషయంలో మనం పట్టా ఎవరి పేరున అని అడగడం నేర్చుకున్నాం. పడవ ఎవరి పేరున, వల ఎవరి పేరున, నీటిమీద హక్కు ఎవరి పేరున అని ఇంకా అడగడం లేదు.

ఆమెలాంటి మనిషి చట్టాల దృష్టిలో ఎక్కడుంటుందో చూద్దాం. 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. అది కాంట్రాక్టరు ద్వారా వెళ్ళిన కార్మికుల కోసం చేసింది. సొంత పడవతో వెళ్ళినవాళ్ళు ఎవరి కార్మికులూ కారు కాబట్టి దాని పరిధిలోకి రాలేదు. సముద్రంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ కాలానికి మన రాష్ట్రంలో 2019 నుంచి కుటుంబానికి 10 వేల రూపాయల భృతి ఇచ్చారు, 2025లో దాన్ని 20 వేలు చేశారు. ఆ సాయం సముద్ర వేటకే. జలాశయాల్లో, కొల్లేటిలో బతికేవాళ్ళకు అది లేదు.

మనకు పనికొచ్చేవీ వున్నాయి. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం, 13వ సెక్షను ప్రకారం రేషను కార్డు విషయంలో ఇంట్లో పద్దెనిమిదేళ్ళు దాటిన స్త్రీలలో పెద్దామే కుటుంబ పెద్ద. మన దేశంలో ఒక చట్టం స్త్రీని కుటుంబ పెద్ద అని ఇంత సూటిగా అనడం చిన్న విషయం కాదు. 2019 నుంచి విడతలుగా వచ్చిన ఒకే దేశం ఒకే రేషను కార్డు విధానంలో ఆంధ్ర, తెలంగాణ మొదటి వరసలోనే చేరాయి. కాబట్టి మిర్యాలగూడలోనైనా ఆమె బియ్యం తీసుకోవచ్చు. ఆమెకు ఆ సంగతి తెలియదు. లంక నుంచి బియ్యం బస్తా మోసుకుపోయేవాళ్ళు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బదిలీ సర్టిఫికెట్టు ఆలస్యమైందన్న సాకుతో బడిలో చేర్చుకోకుండా వుండకూడదు. ఆ పిల్ల రెండేళ్ళుగా బడికి పోలేదు, కారణం అదే. పుస్తకాల సంచి మాత్రం పడవలో పెట్టుకుని తిరిగింది.

ఈ సందర్భంలో మరో దేశం అనుభవం ఒకటి చెప్తాను. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో కాలువల మీద సరుకు పడవలు నడిపే కుటుంబాలు వుండేవి. రైళ్ళ పోటీతో రాబడి తగ్గి, ఒడ్డున ఇంటికి అద్దె కట్టలేక భార్యాపిల్లలతో పడవ గదిలోనే కాపురం పెట్టారు. కూలి ట్రిప్పుకి ఇంత అని మగవాడి చేతికిచ్చేవాళ్ళు. చుక్కాని పట్టిన భార్యకు, గుర్రాన్ని తోలిన పిల్లలకు వేరే కూలి లేదు. జార్జ్ స్మిత్ అనే సంస్కర్త ఆందోళన ఫలితంగా 1877లో, మళ్ళీ 1884లో కాలువ పడవల చట్టాలు వచ్చాయి. పడవను నివాసంగా నమోదు చెయ్యాలి, పిల్లలు ఏ ఊరి బడికి చెందుతారో దాన్నిబట్టి తేలాలి అన్నారు. పడవ కూడా ఇల్లేనని చట్టం ఒప్పుకుంది. అంతవరకు మంచిదే. కానీ అదే చట్టం పడవలో ఎంతమంది, ఏ వయసువాళ్ళు, ఆడా మగా ఎలా పడుకుంటారు అని తనిఖీ చేసే అధికారం కూడా తెచ్చుకుంది. పడవవాళ్ళు మురికివాళ్ళు, నీతిలేనివాళ్ళు అన్న ప్రచారం ఆ ఉద్యమంలోనే జరిగింది. భార్య కూలి సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. స్త్రీల పేరు చెప్పి వచ్చే సంస్కరణ వాళ్ళ పడక గురించి మాట్లాడి పని గురించి మాట్లాడకపోతే ఏమవుతుందో దీన్నుంచి మనం నేర్చుకోవచ్చు. సంచార కుటుంబాల కోసం మనం ఏదైనా అడిగేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు కొల్లేటి ఒడ్డుకి వద్దాం. ఏలూరు దాటి లంకకు చేరేసరికి సాయంత్రమైంది. మరుదులు, ఊరి పెద్దలు అప్పటికే చేరి వున్నారు. నన్ను చూసి కుర్చీ వేశారు. ఆమె నిలబడే వుంది. నేను 1956 హిందూ వారసత్వ చట్టం చెప్పాను. వీలునామా లేకుండా మగవాడు చనిపోతే అతని ఆస్తి భార్యకు, పిల్లలకు, తల్లికి సమానంగా చెందుతుంది. వాళ్ళలో ఒక్కరున్నా అన్నదమ్ములకు వాటా లేదు. అంటే ఈ పడవకు వారసులు ముగ్గురు: భార్య, కూతురు, తల్లి. ముగ్గురూ ఆడవాళ్ళే. ఊరి పెద్దలు మర్యాదగా విన్నారు. తర్వాత ఒకాయన, "చట్టం పుస్తకంలో వుంటుందండి, పడవ నీళ్ళలో వుంటుంది. ఊరి కట్టుబాటు ఊరిది" అన్నాడు. అత్తగారు కొడుకుల వెనక నిలబడి, "వాళ్ళెట్టా అంటే అట్టానే" అంది. ఆమెకు చిన్నకొడుకు ఇంట్లో అన్నం.

ఆ రాత్రి కూడా పడవలోనే పడుకున్నాం. అప్పటికింకా ట్రైలరు మీదే వుంది, నీళ్ళలో దింపనివ్వలేదు. ఊరు సద్దుమణిగాక అత్తగారు గిన్నెలో అన్నం, చేపలపులుసు పట్టుకుని వచ్చింది. మనవరాలికి కలిపి పెట్టింది. కాసేపటికి నా దగ్గరకు జరిగి, గొంతు తగ్గించి అడిగింది. "అమ్మా, నువ్వు పొద్దుగూకేటప్పుడు చెప్పావే, నాకూ వాటా వుందని. అది నిజమేనా? నా బతుకులో నాకు వాటా వుందని ఎవరూ చెప్పలేదు." నేను నిజమే అన్నాను. "మరయితే నా వాటా నా కొడుకులకు వద్దంటే వాళ్ళేం చేస్తారు?" అంది. ఏం చేస్తారో నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. అన్నం పెట్టరు.

మర్నాడు పంచాయితీ తేలింది. అత్తగారు పెద్దల ముందు ఒకే మాట అంది: "నా పేరు చెప్పి పడవ అమ్మొద్దు." ఎంత ధైర్యం చేసుకుని అందో ఆమెకే తెలియాలి. చివరికి పడవ కోడలి దగ్గరే వుండాలని, సావుకారు బాకీ మొత్తం కోడలే తీర్చాలని తేల్చారు. ఆ అడ్వాన్సులో కొంత చిన్న మరిది పెళ్ళికి ఖర్చయిందని అక్కడున్న అందరికీ తెలుసు. ఎవరూ ఎత్తలేదు. నేను ఎత్తబోతే ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది. "పడవ మిగిలింది చాలక్కా" అంది. చట్టం ప్రకారం చనిపోయినవాడి బాకీకి వారసులు అతని ఆస్తి మేరకే బాధ్యులు. ఆ పడవకు వచ్చే ధర కంటే ఆమె నెత్తిన పెట్టిన బాకీ ఎక్కువ. దీన్ని విజయం అనాలా? చాలాసార్లు ఆలోచించాను. ఆమె లెక్కలో అది విజయమే. నా లెక్కలో సగం. ఆమె లెక్కను కాదనే హక్కు నాకు లేదు కానీ, ఆ మిగతా సగాన్ని మర్చిపోయే హక్కు కూడా మనకు లేదు.

ఇప్పుడు ఆమె లంకలోనే వుంది. కూతురు తెడ్డు వేస్తే తను వల వేస్తోంది. వూళ్ళో మొదట్లో నవ్వారు, తర్వాత మానేశారు. ఊరుమ్మడి చెరువుల ఆదాయంలో వాటా మాత్రం ఇంకా తేలలేదు. మగపిల్లాడు మేజరైతే వాటా వస్తుంది, ఆడపిల్ల పెళ్ళి చేసుకుని పోయేదే కదా అని వాళ్ళ ఊళ్ళో లెక్క అని ఆమె చెప్పింది. ఆస్తి హక్కులో కూతురికి సమాన వాటా కోసం ఆంధ్రప్రదేశ్ 1986లోనే, దేశం మొత్తానికంటే ముందే చట్ట సవరణ చేసిందని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ సవరణ లంకలోకి పడవ ఎక్కి ఇంకా రాలేదు. బీమా సొమ్ము కూడా రాలేదు. పిల్ల బడి సంగతి సగంలో వుంది. వేట లేని రోజుల్లో వెళ్తుంది, వున్న రోజుల్లో మానేస్తుంది. తల్లికి సాయం దొరికితే తప్ప ఇది మారదు. ఒక స్త్రీ స్వతంత్రంగా నిలబడడానికి ఆమె కూతురి చదువు ఖర్చు కావడం మనం సంతోషించాల్సిన విషయం కాదు.

మరి మనం చెయ్యగలిగిందేమిటి? ఆచరణకు వీలైనవి కొన్ని చెప్తాను.

వేట లైసెన్సు, గుర్తింపు కార్డు భార్యాభర్తల ఇద్దరి పేర్లా వుండాలని అడుగుదాం. మత్స్య సంపద యోజనలో స్త్రీలకు సబ్సిడీ 60 శాతం, జనరల్ కేటగిరీ మగవాళ్ళకు 40 శాతం. అందుకని చాలాచోట్ల యూనిట్లు ఆడవాళ్ళ పేరున రాస్తున్నారు. సంతకం ఆమెది, పెత్తనం వేరేవాళ్ళది. పేరు వున్న చోట పెత్తనం కూడా వుండేటట్టు చూడడం స్త్రీల సంఘాల పని. మీ డ్వాక్రా సంఘాల్లో ఎవరి పేరున ఏం యూనిట్లు వున్నాయో ఒక్కసారి కూర్చుని లెక్క తియ్యండి.

మత్స్యకార సహకార సంఘాల్లో స్త్రీల సభ్యత్వం అడుగుదాం. వలస వచ్చినవాళ్ళను స్థానికుల మీదికి తోసే విధంగా కాకుండా, ముందు స్థానిక సంఘాల్లోని స్త్రీలకు హక్కు వచ్చే విధంగా మొదలుపెడదాం. తలలు దించుకున్న ఆ ఆడవాళ్ళు సభ్యులై వుంటే ఆ రోజు సమాధానం వేరుగా వుండేదేమో.

రాబోయే జనగణన 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టుకుని జరపాలని 2025లో ప్రకటించారు. 2011లో ఇళ్ళు లేనివాళ్ళను ఫిబ్రవరి 28 రాత్రి వెతికి లెక్కపెట్టారు. ఈసారి ఆ రాత్రి రోడ్డు పక్కన, చెరువుగట్ల మీద, పడవల్లో ఎవరున్నారో మీరు ముందే చూసి ఎన్యూమరేటరుకు చూపించండి. వృత్తి గడిలో "గృహిణి" అని రాయబోతే "తెడ్డు ఎవరు వేస్తారు?" అని అడగండి. నేను అడగని ప్రశ్న మీరు అడగండి.

చివరిగా, దారిన పోయేవాళ్ళ గురించి. బాతుల మందలవాళ్ళు, ఇటుకబట్టీల పనివాళ్ళు, మిరపకోతల కూలీలు, ఈ పడవవాళ్ళు మీ ఊరి మీదుగానే వెళ్తారు. ఒక్క రాత్రి ఆగుతారు. వాళ్ళలో ఆడవాళ్ళకు ఒక బకెట్టు నీళ్ళు, తలుపున్న చోటు, రేషను ఎక్కడ తీసుకోవచ్చో చెప్పే ఒక మనిషి కావాలి. ఈ మూడింటిలో రెండు మీ ఊరి టీకొట్టు అమ్మ ఎవరూ చెప్పకుండానే ఇచ్చింది. మూడోది మన సంఘాలు ఇవ్వాలి.

ఇక్కడికి వచ్చే ముందు ఆమెకు ఫోను చేసి, నీ గురించి చింతలపూడిలో చెప్తాను, ఏమైనా చెప్పమంటావా అని అడిగాను. కొంచెం ఆలోచించి, "పడవ ట్రైలరు మీంచి దింపేటప్పుడు ఒక రేకు నొక్కుకుపోయింది, అది బాగుచేయించానని చెప్పు" అంది. ఆ తర్వాత, "లైసెన్సు నా పేరున రాయమని మళ్ళీ అర్జీ పెట్టాను, ఇది మూడోది" అంది. ఆ అర్జీ కింద సంతకాలు కావాలి. కాగితం నా సంచిలో వుంది. సమావేశం అయ్యాక వెళ్ళిపోకుండా ఒక్క నిమిషం ఆగండి.